ఇంటి రక్షణకు తుపాకీ కొనాలనుకుంటున్నాం, ట్రైనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? (టెక్సస్)

ఫ్రిస్కో నాన్న:

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల మా వీధిలోనే, మాకు నాలుగిళ్ళ అవతల, ఒక తెలుగు వాళ్ళింట్లో దొంగలు పడ్డారు. శనివారం సాయంత్రం గుడికి వెళ్ళి వచ్చేసరికి పెరటి వైపు అద్దం తలుపు పగిలి ఉంది, బెడ్‌రూమ్ క్లోజెట్ అంతా కింద పడేసి ఉంది, పెళ్ళినాటి నగలన్నీ పోయాయి. టీవీ, ల్యాప్‌టాప్‌లు ముట్టుకోనే లేదు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని తెలిసే వస్తున్నారు.

అప్పటి నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. నేను నెలలో ఒక వారం ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉంటాను. ఆ వారం తను పిల్లలిద్దరినీ పక్కన పడుకోబెట్టుకుని, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, చిన్న చప్పుడైనా నాకు ఫోన్ చేస్తోంది. మాకు ఈ ఏడాదే గ్రీన్ కార్డులు వచ్చాయి కాబట్టి తుపాకీ కొనొచ్చని ఆఫీసులో ఒకతను చెప్పాడు. నేను జన్మలో తుపాకీ పట్టుకోలేదు. కాలేజీలో ఎన్‌సీసీ కూడా చేయలేదు.

పాపకి 11, బాబుకి 6. వచ్చే నెల మా అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఏ తుపాకీ కొనాలో తర్వాత చూద్దాం, ముందు అసలు ఎక్కడ నేర్చుకోవాలి, పిల్లలున్న ఇంట్లో ఎలా పెట్టుకోవాలి, మా ఆవిడ కూడా వాడొచ్చా, ఇవి తెలిసినవాళ్ళు చెప్పండి. కొనొద్దు అనేవాళ్ళు కూడా ఎందుకు వద్దో చెప్పండి, వింటాను.

హ్యూస్టన్ శీను:

అన్నా, మీరు ట్రైనింగ్ గురించి ముందు అడిగారు, అది మంచి మొదలు. నేను పన్నెండేళ్ళుగా తుపాకీ ఉంచుకుంటున్నాను, శని ఆదివారాలు ఒక షూటింగ్ రేంజ్‌లో (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) కొత్తగా వచ్చేవాళ్ళని చూసుకుంటాను. తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు చట్టం. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు, నిజమే. షాపులో ఫారం 4473 నింపాలి, అందులో మీ గ్రీన్ కార్డు మీద ఉండే ఏ-నంబరు అడుగుతారు, తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళు మీ మీద పాత కేసులేమైనా ఉన్నాయా అని చూసే నిక్స్ చెక్ జరుగుతుంది. షాపులో పిస్టల్ కొనాలంటే 21 నిండాలి. ఆ ఫారంలో ప్రతి ప్రశ్న చదివి నిజం రాయండి. గంజాయి వాడతారా అన్న ప్రశ్న ఉంటుంది, మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని అక్కడే రాసి ఉంటుంది. ఇంకొకరి కోసం మీ పేరు మీద కొనకూడదు, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే. మనలాంటి వాళ్ళకి ఇంకో సంగతి ఉంది: తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయొచ్చు. పౌరులకి జరిమానాతో, జైలుతో పోయేది మనకి ఇల్లు వాకిలి పోయేదాకా వస్తుంది.

టెక్సస్‌లో చిక్కు ఏంటంటే, ఏమీ నేర్చుకోకుండా కొనేయొచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడ్డు చెప్పని 21 దాటినవాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. నేర్చుకో అని ఎవరూ అడగరు. కాలిఫోర్నియాలో అయితే ముందు పరీక్ష రాసి సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోవాలి, డబ్బు కట్టాక పది రోజులు ఆగాలి. ఇక్కడ ఆ పని మనకి మనమే చేసుకోవాలి. ఎల్‌టీసీ అనే క్యారీ లైసెన్స్ క్లాస్ ఇప్పటికీ ఉంది, నాలుగు నుంచి ఆరు గంటలు చెప్పి, చివర్లో 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 రౌండ్లు, అంటే తూటాలు, కాల్పిస్తారు. దాంట్లో చట్టం బాగా చెప్తారు, దానికోసం వెళ్ళండి. కానీ అది పాసైతే తుపాకీ వాడటం వచ్చేసినట్టు కాదు.

నేనైతే ఇలా చేయమంటాను. ఏదీ కొనకుండా మీరిద్దరూ కలిసి కొత్తవాళ్ళ పిస్టల్ క్లాసుకి వెళ్ళండి, చాలా రేంజ్‌లలో ఒక్క రోజు క్లాస్ ఉంటుంది, తుపాకీ వాళ్ళే ఇస్తారు. చిన్న తూటా వాడే పాయింట్ 22తో మొదలుపెట్టించమని అడగండి, అది కాల్చినప్పుడు చేతిని పెద్దగా వెనక్కి తన్నదు. తర్వాత అంతకన్నా పెద్ద తూటా వాడే 9 ఎంఎం పిస్టల్స్ రెండు మూడు రకాలు అద్దెకి తీసుకుని కాల్చి చూడండి. మా ఆవిడ విషయంలో ఒక షాపువాడు "ఆడవాళ్ళకి చిన్నది బాగుంటుంది" అని అరచేతిలో ఇమిడే పిస్టల్ అంటగట్టాడు. చిన్న తుపాకీ ఎక్కువ తన్నుతుంది, పట్టు దొరకదు, రెండు సార్లు కాల్చి భయపడిపోయి మళ్ళీ ఏడాది దాకా రేంజ్‌కి రాలేదు. ఇంట్లో ఉంచుకునే దానికి బరువున్న పెద్ద సైజే మేలు.

క్లాసులో నాలుగు సూత్రాలు చెప్తారు. ప్రతి తుపాకీ లోడై ఉన్నట్టే అనుకోవాలి. నాశనమైనా పర్లేదు అనుకున్న దాని మీదకి తప్ప గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఎవరిని కాలుస్తున్నామో, వాళ్ళ వెనక ఏముందో తెలియాలి. చదివితే చిన్నపిల్లల పాఠంలా ఉంటాయి. రేంజ్‌లో చూస్తే తెలుస్తుంది, ఇంజినీర్లు, డాక్టర్లు కూడా మొదటి పావుగంటలో నాలుగూ తప్పుతారు. అందరికన్నా ఎక్కువ చూసేది ఇది: కాల్చిన ఖాళీ తూటా గొట్టం వేడివేడిగా ఎగిరి చొక్కా మెడలో పడుతుంది, మంటకి ఆ మనిషి చేతిలో తుపాకీతో సహా వెనక్కి తిరుగుతాడు. మెడ మూసి ఉన్న చొక్కా వేసుకుని వెళ్ళండి, మీ ఆవిడకి కూడా చెప్పండి.

రెండోది, తుపాకీ ఖాళీ చేయడం. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు. ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒక రౌండ్ ఉండిపోతుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి, లోపల కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. వరస మారితే, అంటే స్లైడ్ ముందు లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లోపల కొత్త రౌండ్ ఎక్కి కూర్చుంటుంది. "శుభ్రం చేస్తుంటే పేలింది" అని వార్తల్లో చదివేవాటిలో చాలావరకు జరిగేది ఇదే. తుపాకీ శుభ్రం చేసే టేబుల్ మీద తూటాలు ఉండకూడదు, అవి వేరే గదిలో ఉండాలి.

ఇంకొకటి, అమెరికా ఇళ్ళ గోడలు మన ఊరి ఇటుక గోడలు కావు. అరంగుళం డ్రైవాల్ (జిప్సం పలక) అటొకటి ఇటొకటి, మధ్యలో గాలి. 9 ఎంఎం బుల్లెట్ అలాంటి గోడలు రెండు మూడు దాటి పోతుంది. ఈ రాత్రి ఒకసారి మీ మంచం దగ్గర నిలబడి, తలుపు వైపు చెయ్యి చాపి, ఆ గీత మీద వెనక ఎవరి మంచం ఉందో చూడండి. మా ఇంట్లో చూస్తే సరిగ్గా మా చిన్నోడి తల ఉంది. ఆ రోజే మంచాలు మార్చాం.

అమ్మానాన్న సంగతి తర్వాత రాస్తాను, అది ముఖ్యం.

ఓహియో నర్సు:

నేను పిల్లల ఎమర్జెన్సీలో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాను. కొనొద్దని మీకు చెప్పను, అది మీ ఇంటి నిర్ణయం. ఇంట్లోకి వచ్చాక ఎక్కడ ఉంటుందన్నది మాత్రం నా మాట వినండి.

క్లోజెట్ పై అర, సూట్‌కేస్ వెనక, దేవుడి గదిలో బీరువా, పరుపు కింద. ఇవన్నీ నాకు తల్లిదండ్రుల నోటి నుంచి విన్న చోట్లే. "వాడికి తెలియదండీ" అంటారు. మనం సున్నుండల డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టే పిల్లలకి ఇది తెలియకుండా ఉంటుందా. 2020లో ఈ దేశంలో 1 నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళ చావులకి కారు ప్రమాదాలని దాటి తుపాకీ మొదటి కారణం అయింది. "కనిపిస్తే ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకి చెప్పు" అని నేర్పండి, తప్పకుండా నేర్పండి, కానీ నేర్పాం కదా అని ధీమాగా ఉండొద్దు. నేర్పిన పిల్లలు కూడా ముట్టుకుంటారు, చేతికి దొరికితే ఆరేళ్ళ వాడు ట్రిగ్గర్ నొక్కుతాడు.

మీ బాబు గురించే కాదు, నాకు మీ పాప గురించి కూడా చెప్పాలని ఉంది. ఇప్పుడు 11, మూడేళ్ళలో హైస్కూల్. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. మాత్రలు మింగిన పిల్లలు నా దగ్గరికి వస్తారు, చాలామంది బతికి ఇంటికి వెళ్తారు. తుపాకీతో ప్రయత్నించిన వాళ్ళలో పదికి దాదాపు తొమ్మిది మంది బతకరు. మార్కులు తగ్గాయని, ఫ్రెండ్ మాట్లాడలేదని, ఒక్క చెడ్డ సాయంత్రం వస్తుంది. ఆ సాయంత్రం సేఫ్ కోడ్ పిల్లకి తెలిసి ఉండకూడదు. పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఇంటి నంబరు కోడ్‌గా పెట్టొద్దు. పెద్దవాళ్ళలో ఎవరికైనా మనసు బాగాలేని రోజులు వస్తే తుపాకీని ఇంట్లోంచి తీసేసి బయట దాచే ఏర్పాటు చేసుకోండి, అలాంటప్పుడు మాట్లాడి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేయండి, అందులో సిగ్గు లేదు.

టెక్సస్‌లో 17 లోపు పిల్లల చేతికి అందేలా లోడైన తుపాకీ వదిలేస్తే అది పెద్దవాళ్ళ మీద నేరం. పిల్లాడు కాల్చి ఎవరికైనా ప్రాణం పోయినా, పెద్ద గాయమైనా కేసు ఇంకా పెద్దదవుతుంది. షాపు నుంచి పిస్టల్ కొన్నప్పుడు తాళం ఇవ్వాలని ఫెడరల్ చట్టమే ఉంది, అది పారేయకండి. చాలా పోలీసు డిపార్ట్‌మెంట్లు కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తాయి.

రేంజ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు, మొహం కడుక్కుని, బట్టలు విడిగా ఉతికి, ఆ బూట్లు గుమ్మం బయటే వదలండి. సీసం దుమ్ము ఉంటుంది. బాబుని ఎత్తుకునే ముందు స్నానం చేయండి.

కడప రెడ్డి:

నేను ఇండియా నుంచి రాస్తున్నాను. మా తాతకి 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉండేది, శెనక్కాయ చేలోకి పందులు పడకుండా గాల్లోకి పేల్చడానికి పంట రక్షణ లైసెన్స్. తుపాకీ నడింట్లో గోడకి, తూటాలు మా అవ్వ ఇనప్పెట్టెలో, తాళంచెవి ఆమె నడుముకి. తాత అడిగితే అవ్వ లెక్కపెట్టి ఇచ్చేది, వచ్చాక లెక్కపెట్టి తీసుకునేది, కాల్చిన ఖాళీ గొట్టాలతో సహా. వాకిట్లోనే తుపాకీ మధ్యలో తెరిచి ఖాళీ అని చూపించాక గానీ గడప దాటనిచ్చేది కాదు. మా ఇంట్లో పదిమంది పిల్లలం పెరిగాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నర్సక్క చెప్పింది మా అవ్వ మాటే.

ఇక్కడ లైసెన్స్ దొరకడం కష్టం. జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్‌లో అయితే కమిషనరు ఇవ్వాలి. 2016 ఆయుధాల రూల్స్ వచ్చాక సురక్షితంగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు కూడా చూపించాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకి తగ్గింది, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాలిస్తే జైలు. ఎలక్షన్ వస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి.

మీకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. రేంజ్‌కి వాడిన బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దన్నా. మూలలో ఒక్క తూటా మర్చిపోయి శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానింగ్‌లో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు, మీ సెలవంతా కోర్టు చుట్టూ పోతుంది.

ఎడిసన్ రావు:

నేను వద్దనే పక్షం. ఎందుకో చెప్తాను. మీ వీధిలో దొంగతనం జరిగినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. తుపాకీ ఉండి ఉంటే నగలతో పాటు అదీ పోయేది. మీ భయం బంగారం గురించి అయితే బంగారాన్ని ఇంట్లోంచి తీయండి. బ్యాంకు లాకర్‌లో పెట్టండి, అయితే లాకర్‌లో ఉన్నవాటికి బ్యాంకు డిపాజిట్లకి ఉండే ఎఫ్‌డీఐసీ ప్రభుత్వ భరోసా ఉండదు, కాబట్టి నగలకి విడిగా ఇన్సూరెన్స్ చేయించండి. చాలా హోమ్ పాలసీల్లో నగల దొంగతనానికి 1,500 డాలర్ల దాకానే ఇస్తారు, మనవాళ్ళకి పోయాక గానీ తెలియదు. ప్రతి నగకీ ఫోటో, బరువు, రసీదు పెట్టుకోండి. గుడికి వెళ్ళిన ఫోటోలు ఇంటికి వచ్చాక పెట్టండి. పెరటి అద్దానికి సెక్యూరిటీ ఫిల్మ్, ముందు తలుపు గడియ పట్టీకి మూడంగుళాల స్క్రూలు, అలారం, మోషన్ లైట్లు. ఇవన్నీ కలిపినా ఒక మంచి పిస్టల్, సేఫ్, క్లాసులు, తూటాల ఖర్చు కన్నా పెద్దగా ఎక్కువ కాదు, పైగా మీరు ఊళ్ళో లేని వారం కూడా పని చేస్తాయి.

హెచ్1బి కుర్రాడు:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్1బి మీద ఉన్నాను, మొన్న ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీతో కాల్చాను. అది తప్పా? రేంజ్ వాళ్ళు డ్రైవింగ్ లైసెన్స్ చూసి ఇచ్చేశారు.

హ్యూస్టన్ శీను:

తమ్ముడూ, మళ్ళీ వెళ్ళకముందే లాయర్‌ని అడుగు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. వీటి మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడమే కాదు, చేతిలో ఉండటం కూడా. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్ వాడు అడగలేదంటే చట్టం లేదని కాదు. 2022 నుంచి దానికి శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది.

ఫ్రిస్కో అన్నా, మీ అమ్మానాన్న సంగతి ఇక్కడికే వస్తుంది. వాళ్ళు వచ్చేది విజిటర్ వీసా మీద. మీ తుపాకీ వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, సరదాగా ఫోటోకి కూడా వద్దు, సేఫ్ కోడ్ వాళ్ళకి తెలియకూడదు. కోడ్ తెలిస్తే అది వాళ్ళ ఆధీనంలో ఉన్నట్టే అని వాదించే వీలుంది.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. మా నాన్న వచ్చిన మొదటి వారం జెట్‌లాగ్‌తో రాత్రి మూడింటికి లేచేవారు. మమ్మల్ని లేపకూడదని లైటు వేయకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, మెల్లగా వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టుకునేవారు. ఒక రాత్రి గిన్నె కింద పడింది. నేను నిద్రలో లేచాను, సేఫ్ తీశాను, తుపాకీ చేతిలోకి వచ్చింది, తలుపు దగ్గరికి వెళ్ళాను. క్లాసులో మా మాస్టారు ఒక అలవాటు పదే పదే చేయించారు, ముందు నోటితో "ఎవరది" అని అరవాలి, తర్వాత టార్చి, టార్చి తుపాకీకి కాదు ఇంకో చేతిలో ఉండాలి అని. అరిచాను. "నేనేరా, కాఫీ పొడి ఎక్కడ పెట్టారు" అన్నారు. నేను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే ప్లాన్ ఇలా పెట్టుకోండి. చప్పుడైతే తుపాకీ పట్టుకుని ఇల్లంతా వెతకొద్దు. పిల్లలు, పెద్దవాళ్ళు ఎవరి మంచం మీద వాళ్ళు ఉన్నారో లేదో ముందు లెక్క చూసుకోవాలి. అందరూ ఒకే గదిలోకి, తలుపు గడియ, 911, ఫోన్ పెట్టేయకుండా లైన్లోనే ఉండాలి. తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వస్తే అప్పుడు సంగతి. నగలు పట్టుకుని పారిపోతుంటే పోనివ్వండి, రావు గారు చెప్పినట్టు ఇన్సూరెన్స్ ఉంటుంది. పోలీసులు వచ్చేసరికి తుపాకీ చేతిలో ఉండకూడదు, వాళ్ళకి మీరెవరో దొంగ ఎవరో తెలియదు. ఇది పిల్లలతో సహా రెండు సార్లు ఆడినట్టు చేసి చూడండి. గది లోపల 9 ఎంఎం పేలితే చప్పుడు 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, చెవులకి శాశ్వతంగా దెబ్బ తగిలే స్థాయి, అది కూడా తెలిసి ఉండాలి.

ఫ్రిస్కో నాన్న:

అందరికీ థాంక్స్. రెండు వారాలకి మళ్ళీ రాస్తున్నాను.

శీను గారూ, మీ కాఫీ సంగతి చదివి మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. మా నాన్న కూడా అచ్చం అంతే, లైటు వేయరు.

మొన్న శనివారం ఇద్దరం క్లాసుకి వెళ్ళాం. నా చేతులు వణికాయి, నా మొదటి పది రౌండ్లలో కాగితానికి తగిలినవి నాలుగు. మా ఆవిడవి తొమ్మిది. స్లైడ్ లాగడం తనకి మొదట రాలేదు, మాస్టారు బలంతో కాకుండా రెండు చేతులూ ఎదురెదురుగా ఎలా తోయాలో చూపిస్తే వచ్చేసింది. ఇంటికి వచ్చి మంచం దగ్గర నిలబడి గీత చూశాం. మా గది తలుపుకి సూటిగా బాబు గది గోడ, గోడకి అటువైపు వాడి మంచం.

మేం అనుకున్నది ఇది. అమ్మానాన్న ఉన్న ఆరు నెలలు తుపాకీ కొనం, ఈలోపు నెలకి రెండు సార్లు రేంజ్‌కి వెళ్తాం, ఎల్‌టీసీ క్లాస్ కూడా చేస్తాం. అలారం పెట్టించాం, స్క్రూలు మార్చాను, నగలు లాకర్‌కి వెళ్ళాయి. బాబు మంచం ఇవాళ జరిపాం. వాళ్ళు వచ్చాక హాల్లో రాత్రంతా చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది, కాఫీ పొడి డబ్బా స్టవ్ పక్కనే పెడతాం. మా ఆవిడ నిన్న రాత్రి కుర్చీ అడ్డం పెట్టకుండా పడుకుంది.

ఒక్క ప్రశ్న మిగిలింది. కొనే రోజు వస్తే, చిన్న సేఫ్ మంచం పక్క టేబుల్ మీద పెడితే సరిపోతుందా?

హ్యూస్టన్ శీను:

టేబుల్ మీద ఊరికే పెడితే దొంగ సేఫ్‌తో సహా ఎత్తుకుపోతాడు అన్నా. గోడ లోపల నిలువు చెక్క దుంగ (స్టడ్) ఎక్కడుందో చూసి దానికి బోల్టులతో బిగించండి. వేలిముద్రతో పాటు బటన్ల కోడ్ కూడా ఉన్నది తీసుకోండి, తడి చేత్తో వేలిముద్ర పని చేయదు. బ్యాటరీ ఆరు నెలలకోసారి మార్చండి, విడి తాళంచెవి ఇంట్లో వద్దు, బ్యాంకు లాకర్‌లో పెట్టండి. వచ్చే శనివారం హ్యూస్టన్ వస్తే చెప్పండి, నేను రేంజ్‌లోనే ఉంటాను.